పేరు నీది, పట్టా ఎవరిది?

అమ్మడూ,

పండక్కి వచ్చినప్పుడు నువ్వు ఫోన్ తెరిచి చూపించిన సైటు పేరు నాకు నచ్చింది. పొట్టిగా ఉంది, నోరు తిరుగుతుంది, నా వయసువాళ్లకి కూడా గుర్తుంటుంది. కాలవల మీద, ఇసుక ర్యాంపుల మీద, లంకభూముల మీద రాస్తానన్నావు. ఉద్యోగం మానేసి మరీ రాస్తానన్నప్పుడు మీ నాన్న మొహం ఎలా అయిందో చూశాను. నేను మాత్రం లోలోపల సంతోషించాను. పైకి అంటే వాడు నా మీద పడతాడని ఊరుకున్నాను. కానీ బస్సెక్కబోతూ నువ్వన్న మాటొకటి నన్ను వదల్లేదు. "పేరు కొనేశాం పెదనాన్నా, ఇంక మనదే" అన్నావు.

కొనలేదు తల్లీ. కౌలుకి తీసుకున్నావు.

మన కొబ్బరితోటకి పట్టా ఉంది. ఓ ఏడాది శిస్తు కట్టడం మరిచిపోయినా తెల్లారేసరికి అది పక్కవాడిదైపోదు. నీ డాట్ కామ్ అలాంటిది కాదు. ఏడాదికో రెండేళ్లకో, గట్టిగా అంటే పదేళ్లకో ముందే డబ్బు కట్టి వాడుకునే హక్కు అది. పదేళ్లకి మించి ఒక్కసారిగా ఎవరూ ఇవ్వరు. నీకు ఆ పేరు అమ్మిన దుకాణాన్ని రిజిస్ట్రార్ అంటారు. మాట విని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తొస్తుంది గానీ, ఇక్కడ చేతికి దస్తావేజు రాదు. నీ పేరు తీసుకెళ్లి పైవాడి చిట్టాలో ఎక్కిస్తాడు, అంతే. ఆ పైవాడు రిజిస్ట్రీ. డాట్ కామ్ చిట్టా మొత్తం అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉన్న వెరిసైన్ అనే కంపెనీ దగ్గర ఉంటుంది. మన డాట్ ఇన్ చిట్టా ఢిల్లీలో నిక్సీ దగ్గర. వీళ్లందరి మీదా ఐకాన్ అని 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన సంస్థ ఒకటుంది. ఈ వరసలో ఎవరు చెయ్యి వెనక్కి తీసుకున్నా నీ పేరు గాల్లో దీపమే.

ముందు నా చేదు చెప్పనీ. 2006లో మా పేట గ్రంథాలయానికి సైటు పెట్టించాం. ఎంతో మోజుపడి పెట్టించాం. పాత సంచికల ముఖచిత్రాలు, సభ్యుల జాబితా, దాతల ఫొటోలు ఎక్కించాం. పెట్టిన కుర్రాడు మంచివాడే. పేరు మాత్రం తన పేరు మీద, తన కాలేజీ మెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. అడగాలని మాకు తెలీదు, చెప్పాలని వాడికి తోచలేదు. వాడు చదువు ముగించి పై దేశం పోయాడు. గడువు దగ్గరపడుతోందన్న మెయిళ్లన్నీ ఎవరూ తెరవని డబ్బాలో పడ్డాయి. గడువు దాటినా కొన్నాళ్లు ఓపిక పడతారు. ఆ తర్వాత ఇంకో నెల, జరిమానాతో విడిపించుకునే వీలిస్తారు. అదీ దాటితే అయిదు రోజుల్లో పేరు బజార్న పడుతుంది. మాకు విషయం తెలిసిందెలాగంటావా? ఓ దాతగారు ఫోన్ చేసి "మాస్టారూ, గ్రంథాలయం పేరు కొడితే పేకాట వస్తోందేమిటి?" అన్నారు. ఎవరో ఎత్తుకుని రమ్మీ ప్రకటనలు పెట్టుకున్నారు. ఇందులో ప్రభుత్వం లేదు, సెన్సారూ లేదు. కానీ రేపు కోర్టు నుంచో సర్కారు నుంచో నోటీసు వస్తే, అది కూడా చిట్టాలో ఎవరి పేరుంటే వాళ్లకే వెళ్తుంది. నువ్వు రాసినదానికి జవాబు చెప్పే అవకాశం ఇంకెవరి మెయిల్లోనో మగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రాసినవాడి తప్పేమీ లేకపోయినా పేరు పోతుందా అంటే, పోతుంది.

స్పెయిన్‌లో ఉండే ఓ ఇంగ్లీషాయన యూరప్‌వాళ్లని క్యూబా యాత్రలకి తీసుకెళ్లేవాడు. యాత్రికులు అమెరికావాళ్లు కారు, వ్యాపారం అమెరికాలో లేదు, సర్వర్లు బహామాస్‌లో ఉన్నాయి. 2007 అక్టోబరులో ఓ రోజు ఆయన సైట్లు ఆగిపోయాయి. ఒకటి కాదు, సుమారు ఎనభై. ఏదో సాంకేతిక లోపం అనుకున్నాడాయన. తీరా ఆరా తీస్తే అమెరికా ఆర్థికశాఖ నిషేధ జాబితాలో తన కంపెనీ పేరుందని తెలిసింది. పేర్లు అమ్మిన రిజిస్ట్రార్ అమెరికావాడు. జాబితా చూసి మూసేశాడు. ఆపడమే కాదు, ఆ పేర్లని ఇంకో రిజిస్ట్రార్ దగ్గరికి తీసుకుపోతానన్నా వదల్లేదు. కోర్టు లేదు, విచారణ లేదు, ముందొక కబురు లేదు. చివరికి ఆయన ఓ యూరప్ రిజిస్ట్రార్ ద్వారా డాట్ నెట్ పేర్లు పెట్టుకుని మళ్లీ మొదలెట్టాడు. డాట్ నెట్ చిట్టా కూడా ఆ వర్జీనియా కంపెనీదే సుమా!

అంటే రిజిస్ట్రార్ని మారిస్తే సరిపోదన్నమాట. 2012లో కెనడాకి చెందిన ఓ జూద వ్యాపారం డాట్ కామ్ పేరుని అమెరికావాళ్లు పట్టుకున్నారు. దాని రిజిస్ట్రారూ కెనడావాడే. కెనడావాణ్ని అడగాల్సిన పని పడలేదు, వర్జీనియాలో చిట్టాలో గీత మార్చారు. జూదగాళ్ల మీద నాకేమీ జాలి లేదు గానీ, ఆ గీత మార్చే చెయ్యి ఎంత పొడుగుదో చూడు. స్పెయిన్‌లో ఆటల ప్రసారాలకి లింకులిచ్చే సైటొకటి ఉండేది. అది చట్టవిరుద్ధం కాదని అక్కడి కోర్టులే అన్నాయి. అయినా 2011 మొదట్లో అమెరికా దాని పేర్లు లాక్కుంది, 2012 ఆగస్టులో తిరిగిచ్చింది. ఏడాదిన్నర! కొత్తగా నిలదొక్కుకునే పత్రికకి ఏడాదిన్నరంటే ఆయుష్షు తీరినట్టే.

ఇంకో ముచ్చట విను, ఇది మరీ విడ్డూరం. 2011 ఫిబ్రవరిలో పిల్లల అశ్లీల చిత్రాల సైట్లని పట్టుకుంటున్నామని అమెరికా అధికారులు కొన్ని పేర్లు స్వాధీనం చేసుకున్నారు. మంచి పనే. వాటిలో మూ డాట్ కామ్ అని, ఆంగ్లంలో మూడు 'ఓ'లతో రాస్తారు, ఉచితంగా చిన్న పేర్లు పంచిపెట్టే సైటు ఒకటి ఇరుక్కుంది. దాని కింద ఎనభై నాలుగు వేల చిన్న సైట్లున్నాయి. సొంత ఫొటోలు పెట్టుకున్నవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు అందరి గుమ్మాల మీదా రాత్రికి రాత్రి పిల్లల మీద అఘాయిత్యం చేసే నేరస్తులన్న బోర్డు వేలాడింది. తప్పు తెలుసుకుని సరిదిద్దారు. కానీ బోర్డు చూసిన ఇరుగుపొరుగుకి ఎవరు నచ్చజెప్తారు? నీ సైటు మొదటి నెలలో ఏదో ఉచిత సర్వీసు కింద తోకలా తగిలించి నడిపావు చూడు, అది మళ్లీ ఎప్పుడూ చేయకు. గొడుగు ఎవరిదో వాడి పాపం కూడా నీ నెత్తినే పడుతుంది.

డాట్ కామ్ వద్దులే అని మీ వయసువాళ్లు ఇప్పుడు ఫ్యాషన్ తోకలకి ఎగబడుతున్నారు. నీ స్నేహితుడు డాట్ ఐఓ కూడా ఒకటి తీసిపెట్టాడన్నావు. అది ఎవరిదో తెలుసా? హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల సముదాయం ఉంది, బ్రిటన్ ఏలుబడిలోది, దాని దేశసంకేతం అది. అక్కడి జనాన్ని ఎప్పుడో ఖాళీ చేయించారు, పేరు మాత్రం కంప్యూటర్ కుర్రాళ్లకి అమ్ముకుంటున్నారు. ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి. దేశం పటం మీద నుంచి పోతే తోక కూడా పోవచ్చు. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో అలాగే పోయింది. లిబియాది డాట్ ఎల్‌వై. ఆంగ్ల మాటలకి చివర ముచ్చటగా అతుకుతుందని ఎగబడి కొన్నారు. 2010లో అక్కడివాళ్లు తమ మతధర్మానికి విరుద్ధంగా ఉందంటూ లింకులు పొట్టిచేసే సైటొకటి లాగేసుకున్నారు. డాట్ ఏఎఫ్ అఫ్గానిస్తాన్‌ది. అక్కడ గుమ్మంలో ఇప్పుడెవరు కూర్చున్నారో నీకు నేను చెప్పాలా?

యూరప్‌ది ఇంకో రకం. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికి పోయాక, కూటమి దేశాల పౌరసత్వం లేని బ్రిటన్‌వాసులకి డాట్ ఈయూ పెట్టుకునే అర్హత పోయింది. 2021 జనవరిలో దాదాపు ఎనభై వేల పేర్లు ఆపేశారు. యూరప్ నుంచి బయటికి పోదాం పదండని ప్రచారం చేసిన గుంపు సైటు పేరేమిటో తెలుసా, లీవ్ డాట్ ఈయూ! అదీ ఆగింది. ఇందులో సెన్సారు లేదు, ఎవరి మీదా కోపం లేదు. ఊరి హద్దులు జరిగాయి, కౌలుదారు వెళ్లిపోవాల్సి వచ్చింది.

కాబట్టి తోక ఎంచుకోవడమంటే అందం చూసుకోవడం కాదు, ఏ కోర్టు గుమ్మం తొక్కగలవో చూసుకోవడం. నువ్వు రాసేది గోదావరి కాలవల గురించి. చదివేది మనవాళ్లు. వర్జీనియాలో వకీలుని పెట్టుకునే స్తోమత నీకూ లేదు, నాకూ లేదు. డాట్ ఇన్ మీదకి ఏ గొడవ వచ్చినా హైదరాబాదులోనో అమరావతిలోనో ఢిల్లీలోనో నిలబడి తెలుగులో ఏడిస్తే వినేవాడు ఒక్కడైనా ఉంటాడు. అలాగని అక్కడ భయం లేదనడం లేదు. నువ్వు రాయబోయేవి ఇక్కడి పెద్దమనుషులకే కదా మండేవి. అందుకే నా మాట విని రెండూ పెట్టుకో. డాట్ ఇన్ ముందు, డాట్ కామ్ వెనక. ఏడాదికి ఓ చీర డబ్బులు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరే. ఇక్కడ సాధారణంగా పట్టా లాక్కోరు, దారికి కంచె వేస్తారు. పేరు నీ దగ్గరే ఉంటుంది, డబ్బు కడుతూనే ఉంటావు, అమెరికాలో ఉన్న మీ అత్తయ్యకి సైటు తెరుచుకుంటుంది, రాజమండ్రిలో మాత్రం తెరుచుకోదు. ఐటీ చట్టంలో 69ఏ అని సెక్షనుంది. 2008 సవరణతో చేర్చారు, 2009లో అమల్లోకి వచ్చింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహం లాంటి కారణాల మీద కేంద్రం ఏ సైటునైనా ఆపమని ఇంటర్నెట్ కంపెనీలకి చెప్పొచ్చు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు అదే చట్టంలోని 66ఏ సెక్షన్ని కొట్టేసింది గానీ, దీన్ని మాత్రం నిలబెట్టింది. సెక్షన్ కంటే నన్ను భయపెట్టేది దాని నిబంధనల్లో ఉన్న గోప్యత. ఎవరు ఫిర్యాదు చేశారో, ఏం చర్య తీసుకున్నారో బయట పెట్టనక్కర్లేదు. ఢిల్లీలో ఓ విలేకరి కట్నాల మీద వ్యంగ్యంగా ఓ సైటు పెట్టాడు. వరుడి కులం, చదువు, జీతం కొడితే కట్నం లెక్క చెప్తుంది. వెక్కిరింత అని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. 2018లో దాన్ని ఆపేశారు. ఎందుకాపారో చూపించే ఉత్తర్వు కాపీ ఆయనకి ఇవ్వలేదు. కోర్టుకెక్కితే 2022 మేలో ఢిల్లీ హైకోర్టు, ఉత్తర్వు ఇవ్వండి, ఆయన మాట వినండి అని చెప్పింది. నాలుగేళ్లకి దక్కింది కాగితం ముక్క! అయినా అడిగాడు చూడు, అదే నాకు నచ్చింది. అడగబట్టే రేపు నువ్వు అడగడానికి ఓ దారి పడింది.

ఇక మన సినిమాల వల్ల పడిన కంచెలు చెప్తే నవ్వుతావు. 2012లో 'దమ్ము', తమిళం '3' సినిమాల దొంగ ప్రతులు ఆపడానికి మద్రాసు హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చారు. దొంగ ఎవరో తెలియనప్పుడు మన కోర్టుల్లో ప్రతివాదికి అశోక్ కుమార్ అని పేరు పెడతారు. ఈ దేశంలో అంత అమాయకంగా నిందలు మోసే పేరు ఇంకోటి లేదు. ఇంటర్నెట్ కంపెనీలు ఫలానా పేజీ అని చూడకుండా వీమియో లాంటి వీడియో సైట్లని మొత్తంగా మూసేశాయి. ఆ తర్వాత కోర్టే, మేమన్నది ఆ పేజీలు మాత్రమే అని చెప్పాల్సి వచ్చింది. 2014 డిసెంబరులో భద్రతా కారణాలతో ముప్ఫై రెండు సైట్లు ఆపితే అందులో గిట్‌హబ్ ఉంది. హైదరాబాదు కుర్రాళ్లు సగంమంది పొద్దున ఆఫీసుకెళ్లి తెరిచేది అదే! 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల పేరుతో రెండువేల ఆరువందల పైచిలుకు సైట్లు ఆపారు. అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ పడింది. పాత తెలుగు పుస్తకం ఏది కావాలన్నా నేను వెతుక్కునేది అక్కడే. ఆ వారం నాకు కాఫీ కూడా సహించలేదు.

ఇంత చెప్పి, సర్కారు చేతిలో చీపురు ఉండకూడదంటానా? అననమ్మా. వెంకన్న దర్శనం టికెట్లని నకిలీ సైట్లు పెట్టి ముసలివాళ్ల డబ్బు కాజేసినవాళ్ల మీద తిరుమల దేవస్థానం ఎన్ని కేసులు పెట్టింది! అలాంటి పేర్లని గంటలో పీకేయాలి. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకి మారాలంది. ఆ తోకని ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది. అది హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కాని వాడికి ఆ తోక దొరకదు. ఇది నియంత్రణే, దీన్ని నేను రెండు చేతులా ఒప్పుకుంటాను. ఎందుకంటే నిబంధన రాసి ఉంది, అందరికీ కనబడుతోంది, ఎవరికి వర్తిస్తుందో ముందే తెలుసు. నాకు పేచీ చీకట్లో వచ్చే ఉత్తర్వుతోనే.

ఈ దొంగల వల్ల ఇంకోటి కూడా వచ్చింది. పేరు తీసుకునేవాడు ఎవడో తేల్చమని చాలా దేశాలు పట్టుబడుతున్నాయి. డాట్ ఇన్‌కి కేవైసీ అడుగుతారు. చైనా 2009 చివర్లో మామూలు మనుషులెవరికీ డాట్ సీఎన్ ఇవ్వబోమని, వ్యాపార లైసెన్సు ఉంటేనే రమ్మని చెప్పేసింది. మనిషికి పేరు ఇవ్వడానికి మళ్లీ 2012 దాకా ఆగింది. మనం అంతదూరం పోలేదు. నువ్వు ఆడపిల్లవి, ఇసుక గురించి రాసేదానివి. ఇంటి చిరునామా ఊరందరికీ కనబడాలని నేననను. రిజిస్ట్రార్ దాచిపెట్టే సౌకర్యం ఇస్తే వాడుకో. కానీ దాచడం వేరు, అబద్ధం రాయడం వేరు. దొంగ ఫోన్ నంబరూ, లేని మెయిలూ ఇచ్చావా, నిజమో కాదో చూడమని వాళ్లు కబురు పెడతారు. పదిహేను రోజుల్లో జవాబు లేకపోతే పేరు ఆపేయొచ్చు. నీ నోరు నొక్కాలనుకునేవాడు నీ రాతల మీద ఫిర్యాదు చేయనక్కర్లేదు, నీ చిరునామా మీద చేస్తే చాలు. ఆ అవకాశం వాడికి నువ్వే ఇవ్వకు.

నీది వార్తల సైటు కాబట్టి ఐటీ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనలూ నీకు వర్తిస్తాయి. ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైట్లో పెట్టాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. అందులో కొన్ని భాగాల మీద బొంబాయి హైకోర్టు స్టే ఇచ్చిందిలే, అవన్నీ మన వకీలు చూసుకుంటాడు. నువ్వు చేయాల్సిందల్లా వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ తేదీ వేసి, జవాబు రాసి, కాపీ దాచడం. నేను ఉద్యోగంలో నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అది. కాగితం దాచినవాడికి ఆలస్యంగానైనా న్యాయం అడిగే నోరుంటుంది.

పేరు ఉన్న దుకాణంలోనే సైటు కూడా పెట్టకు. ఒకడు ఆపితే రెండోది బతకాలి. రిజిస్ట్రార్ దగ్గర నువ్విచ్చే మెయిలు నీ సైటు పేరు మీదది అసలు కాకూడదు. సైటు ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు. అయిదేళ్లకి డబ్బు ఒకేసారి కట్టేయ్, తక్కువైతే నన్నడుగు, మీ నాన్నకి చెప్పను. రాసిన ప్రతిదీ ఇంట్లో ఓ డిస్కులో, మా బీరువాలో ఓ డిస్కులో ఉండనీ. అన్నిటికంటే ముఖ్యం, చదివేవాళ్ల ఫోన్ నంబర్లో మెయిళ్లో వాళ్ల ఇష్టంతోనే తీసుకుని పెట్టుకో. పేరు పోయినా కొత్త చిరునామా కబురు పంపితే వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. 2010 డిసెంబరులో వికీలీక్స్ పేరుని నడిపే అమెరికా కంపెనీ చేతులెత్తేస్తే, వాళ్లు స్విట్జర్లాండ్ తోకతో వెంటనే మళ్లీ వెలిశారు. వాళ్లు చేసింది ఒప్పా తప్పా అన్నది వేరే మాట. జనానికి ఎక్కడ వెతకాలో తెలిసింది కాబట్టే దొరికారు.

ఇవన్నీ చదివి భయపడి మెత్తగా రాయడం మొదలెట్టకు. అలా రాస్తే నీ పేరు ఎవరూ లాక్కోరు, ఎవరూ చదవరు కూడా. నువ్వు రాయాలనుకున్నది రాయి. నిజం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాయి.

ఒక్క పని మాత్రం ఇవాళే చెయ్యి. పేరు కొన్నది నీ స్నేహితుడి కార్డు మీదనే కదా? వాడికి ఫోన్ చెయ్యి. చిట్టాలో పేరు ఎవరిదుందో, మెయిలు ఎవరిదుందో, లాగిన్ ఎవరి దగ్గరుందో అడుగు. వాడు మంచివాడే, మా గ్రంథాలయం కుర్రాడూ మంచివాడే. నీ పేరు మీదకి మార్పించుకుని, ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ పెట్టు. ఎంత రాత్రయినా సరే, చూశాకే పడుకుంటాను.

మీ పెదనాన్న